నోరు పెగలకపోవడం పిరికితనం కాదు
(సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



అప్పు వసూలుకొచ్చినవాళ్లు నడివీధిలో రైతు చొక్కా పట్టుకుని కొడతారు. ఆయన నోరు పెగలదు, కాలు కదలదు. తర్వాత మనమే అడుగుతాం: "ఎందుకు ఎదిరించలేదు?" అది రెండో దెబ్బ.

ప్రాణభయంలో శరీరం తిరగబడొచ్చు, పారిపోవచ్చు, బిగుసుకుపోవచ్చు. ఆ క్షణాన అది మన చేతిలో ఉండదు. ఇంట్లో భర్త చేతిలో దెబ్బలు తినే ఆడవాళ్లకూ ఇదే జరుగుతుంది.

ఆపైన నిద్ర పట్టదు. బండి చప్పుడైనా ఉలిక్కిపడతారు. ఆ వీధివైపే పోరు. పిల్లలపై విరుచుకుపడతారు. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. నెల దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి, వైద్యం ఉంది. తాగి మరిచిపోదామనుకుంటే ముదురుతుంది.

మరి సంఘం ఏం చేయాలి? ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. చెప్పమని బలవంతపెట్టొద్దు, చెబితే తీర్పు చెప్పకుండా వినాలి. ఇంట్లో పురుగుమందు డబ్బాలు చేతికందకుండా తాళం వేయించాలి. ఫిర్యాదు చేస్తానంటే పోలీస్ స్టేషన్‌కు తోడు వెళ్లాలి. టెలి మానస్ నంబరు 14416 ప్రతి ఇంటి గోడమీదా ఉండాలి. ఉచితం, రాత్రింబవళ్లు తెలుగులో మాట్లాడతారు. ఆడవాళ్లకు 181 కూడా ఉంది.

అప్పుల మీద మన పోరాటం ఆగదు. కానీ ముందు మనిషి మిగలాలి.