ముప్పావుగంట దగ్గర మూడు నిమిషాలు



నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. సరిగ్గా పదకొండూ ముప్పావుకి ఆపేస్తాను. క్రమశిక్షణ అనుకోకండి, అదొక పాత జబ్బు. ఎందుకొచ్చిందో మాటల్లో తెలుస్తుంది. తెలుగులో మాట్లాడతానని ముందే అడిగి ఒప్పించుకున్నాను. తెలుగు రానివాళ్లు కాస్త ఓర్చుకోండి, కింద టీ తాగేటప్పుడు తమిళంలోనో కన్నడంలోనో మళ్లీ మొదటినుంచీ చెప్తాను. హోసూరువాడికి ఆ మాత్రం చేతగాకపోతే ఎట్లా?

1978 నుంచి 1999 దాకా సరుకుల ఓడల్లో రేడియో ఆఫీసర్‌గా పనిచేశాను. ఖలాసీలు మమ్మల్ని ‘మార్కోనీ సాబ్’ అనేవాళ్లు. ఆ ఉద్యోగం ఇవాళ సరుకుల ఓడల మీద దాదాపు లేనట్టే. స్నాతకోత్సవాలకి రాబోయే ఉద్యోగాల గురించి చెప్పేవాళ్లను పిలుస్తారు. మీ కాలేజీవాళ్లు పోయిన ఉద్యోగం తాలూకు మనిషిని పిలిచారు. పొరపాటున పిలిచారో తెలిసే పిలిచారో నేను అడగలేదు.

మన హోసూరు ఉన్నది సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున. సముద్రం చూడాలంటే మద్రాసుకి 300 కిలోమీటర్లు పోవాలి. మా నాయన శూళగిరి పక్క రాగులు పండించిన మనిషి. ఆయన చూసిన పెద్ద నీళ్లు కృష్ణగిరి డ్యాము నీళ్లే. ఓడ ఉద్యోగం అంటే, ‘అది కోస్తావాళ్ల పని గదరా’ అన్నాడు. మాట నిజమే. మోటుపల్లి రేవులో 1244లో కాకతి గణపతిదేవుడు వేయించిన శాసనం ఒకటుంది. తుపానుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాగేసుకునేవాళ్లట. ఈయన మాత్రం మామూలు సుంకం తప్ప ఇంకేమీ తీసుకోను, భయపడకుండా రండి అని రాతిమీద రాయించి ఓడవాళ్లకి అభయమిచ్చాడు. తెలుగువాళ్లకి సముద్రంతో అంత పాత పరిచయం ఉంది. హోసూరు చుట్టూ ఉన్న మన మొరసునాడుకే లేదు.

పీయూసీ అయ్యాక మద్రాసులో వైర్‌లెస్ కోర్సులో చేరాను. సెలవులకి ఊరికొస్తే గడప మీద కూచుని గరిటె కాడతో మోర్స్ సాధన. చుక్క, గీత, గీత, చుక్క. మా అవ్వకి వినికిడి తక్కువే గానీ ఆ టకటక మాత్రం బాగా వినబడేది. బల్లి పలికిందనుకునేది. ఏ దిక్కున పలికిందో చూసి, కృష్ణ కృష్ణ అని నేలమీద వేలితో తట్టి, చేయబోయే పని ఆపేసేది. నా చదువు పుణ్యమా అని ఆ వేసవంతా మా ఇంట్లో ఒక్క శుభకార్యమూ మొదలు కాలేదు.

రెండో తరగతి సర్టిఫికెట్ కావాలంటే అప్పట్లో నిమిషానికి 20 ఇంగ్లీషు మాటలు చెవితో విని చేత్తో రాయాలి. అది సులువు. అసలు పరీక్ష రెండోది. అయిదేసి అక్షరాల గుంపులు, నిమిషానికి 16. వాటికి అర్థం ఉండదు. అంకెలూ అక్షరాలూ కలగాపులగంగా వస్తాయి. అర్థమున్న మాటలు రాసేటప్పుడు మనసు ముందుకి ఉరుకుతుంది. సగం మాట వినగానే మిగతా సగం ఇదే అయ్యుంటుందని చెయ్యి రాసేస్తుంది. అక్కడే తప్పుతుంది. అర్థంలేని గుంపుల్లో ఊహించడానికి ఏమీ లేదు. విన్నదే రాయాలి, వినబడకపోతే ఖాళీ వదలాలి. మా గురువు కొట్టినంత పని చేసింది ఈ ఒక్క విషయానికే. తప్పు అక్షరానికి క్షమించేవాడు, ఊహించిన అక్షరం సరైనదైనా క్షమించేవాడు కాదు. ఎట్లా కనుక్కునేవాడో ఇప్పటికీ నాకు అంతుబట్టదు.

ఈ విద్యలో మనవాళ్లకి కొంచెం పై చెయ్యి ఉందని నా అనుమానం. హోసూరు సంతలో పెరిగినవాడు బేరం కన్నడంలో, తగాదా తెలుగులో, పోలీసు తమిళంలో వింటాడు. ఒక భాషలో మునిగిపోయి ఇంకోదాన్ని పోగొట్టుకుంటే సంచి ఖాళీగా ఇల్లు చేరతాడు.

రేడియో గదిలో గోడకో గడియారం ఉండేది. పావుగంట దగ్గర, ముప్పావుగంట దగ్గర మూడేసి నిమిషాల మేర ఎర్ర రంగు పూసి ఉండేది. 500 కిలోహెర్ట్జ్ మీద లోకంలోని ఓడలన్నీ ఒకదాన్నొకటి పిలుచుకునేవి. సరుకు సంగతులకీ, రేవు సంగతులకీ, కుశలాలకీ, బాతాఖానీకీ పిలుపు అక్కడే. ముల్లు ఎర్రరంగులోకి రాగానే అందరూ నోరు మూసుకోవాలి. గంటకి రెండుసార్లు, మూడు నిమిషాలు. ఆపదలో ఉన్నవాడి గొంతు చాలా సన్నగా ఉంటుంది. బ్యాటరీ తడిసి ఉంటుంది, ఏరియల్ సగం తెగి ఉంటుంది. మిగతావాళ్లు ఊరుకుంటే తప్ప వాడు వినబడడు.

1912లో టైటానిక్ మునిగిన రాత్రి దగ్గర్లోనే కాలిఫోర్నియన్ అనే ఓడ ఉంది. ఆ ఓడ రేడియో కుర్రాడు, ఇక్కడ మంచు ఉంది, మేం ఆగిపోయాం అని టైటానిక్‌కి చెప్పబోయాడు. ప్రయాణికుల టెలిగ్రాములు పంపే హడావుడిలో ఉన్న టైటానిక్ ఆపరేటర్ వాణ్ణి ఊరుకోమన్నాడు. వాడు కాసేపు విని, సెట్టు ఆపేసి పడుకున్నాడు. తరవాతి కథ మీరు సినిమాలో చూశారు.

1986లో, విశాఖలో బైలదిల్లా ఇనుప ఖనిజం నింపుకుని జపాన్ పోతున్నాం. ఖనిజం బరువంతా అడుగున కూచుంటుంది గనక ఓడ ఒక పక్కకి ఒరిగి చటుక్కున విదిలించినట్టు లేస్తుంది. మంచంలో మనిషి నిలవడు. దక్షిణ చైనా సముద్రంలో రాత్రి తొమ్మిదీ ముప్పావుకి, ఎర్ర రంగు మీద, ఎస్ఓఎస్ వినబడింది. దోమ పాడినంత. ఓడ పేరు వచ్చింది. రేఖాంశం వచ్చింది. అక్షాంశంలో మొదటి అంకె ఒకటి, రెండోది గరగరలో పోయింది. మోర్స్‌లో నాలుగు అంటే నాలుగు చుక్కలూ ఒక గీత. అయిదు అంటే అయిదు చుక్కలు. చివరి ముక్క నాకు అందలేదు.

కెప్టెన్ నా వెనకే నిలబడ్డాడు. మంచి నావికుడు. గాలివాటం చూసి, ‘పధ్నాలుగే అయ్యుంటుంది, ఓడ తిప్పేస్తాను’ అన్నాడు. ఒక డిగ్రీ అక్షాంశం అంటే 60 నాటికల్ మైళ్లు. ఆ సముద్రంలో మా ఓడకి ఆరేడు గంటలు. నేను వేలెత్తి ఆగమన్నాను. కెప్టెన్‌కి వేలు చూపించడం మా లోకంలో చిన్న విషయం కాదు. మళ్లీ చెప్పమని అడిగాను. అవతలివాడు మళ్లీ పంపాడు, మళ్లీ పోయింది. మూడోసారి వాడు ప్రతి చుక్కా విడివిడిగా, పిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా కొట్టాడు. మునిగిపోతున్న మనిషి అంత నెమ్మదిగా ఎట్లా కొట్టగలిగాడో! అయిదు చుక్కలు. పదిహేను.

మేం తిప్పాం, అందిన సమాచారం తిరిగి ప్రసారం చేశాం. మాకన్నా దగ్గర్లో ఉన్న ఇంకో ఓడ తెల్లవారకముందే వాళ్లను లైఫ్‌బోటులోంచి పైకి తీసుకుంది. ‘క్యూయూఎం’ అని వచ్చింది. అంటే ఇంక ఎవరి పని వాళ్లు చేసుకోవచ్చని. అంతే, మళ్లీ బాతాఖానీ మొదలైంది. ఆ ఆపరేటర్ పేరు నాకు తెలీదు. గీతను కొంచెం సాగదీసే అలవాటుంది వాడికి. ఇప్పటికి వినబడినా గుర్తుపడతాను.

సర్టిఫికెట్ చేతికిచ్చే ముందు మా చేత ఒక ప్రమాణం మీద సంతకం పెట్టించుకునేవాళ్లు. విన్న వార్త ఎవరిదో వాళ్లకి తప్ప ఇంకెవరికీ చెప్పకూడదు. బోసన్‌కి కొడుకు పుట్టాడని అతనికన్నా నాకు ముందు తెలుస్తుంది. ఒక ఫిట్టర్ భార్య ఇల్లు విడిచి పోయిందని నాకు తెలుసు, కాగితం మడిచి అతని చేతిలో పెట్టి, ఆర్నెల్లు అతనితో ఒకే బల్ల మీద ఏమీ ఎరగనట్టు భోంచేశాను. ఇప్పుడు డేటా, ప్రైవసీ అంటున్నారు గదా, మాకు అది ఆ భోజనాల బల్ల.

ఇక ఇంకో రాత్రి. ఇది ఎక్కడా చెప్పలేదు. 1983. డర్బన్ నుంచి వస్తూ మడగాస్కర్‌కి తూర్పున ఉన్నాం. బాంబే రేడియో అనే తీర స్టేషన్ తనదగ్గర ఏయే ఓడలకి వార్తలున్నాయో వేళకి జాబితా చదివేది. అందులో మా ఓడ సంకేతం వచ్చింది. పిలిచాను. అక్కడి ఆపరేటర్ పంపడం మొదలుపెట్టాడు, నేను రాస్తున్నాను. చేరవలసినవాడి పేరు నాదే. వార్త బయల్దేరిన చోటు హోసూరు పోస్టాఫీసు. అప్పుడు మనది ధర్మపురి జిల్లా. తరవాత ఇంగ్లీషు అక్షరాలు. ఎఫ్, ఏ, టీ, హెచ్, ఈ, ఆర్. ఫాదర్. చిన్న ఖాళీ. తరవాత ఒక్క చుక్క, ఈ. ఇంతవరకూ ఏమైనా కావచ్చు. తరవాత గీత, చుక్క, చుక్క, గీత. ఎక్స్.

ఇంగ్లీషులో ఆ రెండక్షరాలతో మొదలయ్యే మాటలు చాలానే ఉన్నాయి, టెలిగ్రాంలో తండ్రి పక్కన వచ్చేది ఒక్కటే. ఆ క్షణాన చెవుల్లోంచి హెడ్‌ఫోన్ లాగి పడేయవచ్చు. గురువు గుర్తొచ్చాడు. మిగిలిన అక్షరాలు ఒక్కొక్కటే, వచ్చినవి వచ్చినట్టు రాశాను. తేదీ రాశాను. మా చిన్నాన్న పేరు రాశాను. అందిందని ఎప్పటి వేగంతోనే బదులు కొట్టాను. అవతలి మనిషి వెంటనే లైను వదల్లేదు. కొంచెం ఆగి ‘ఓఎం’ అని రెండక్షరాలు కొట్టాడు. మాలో మేం పిలుచుకునే పిలుపు అది, మన భాషలో ‘పెద్దాయనా’ అన్నట్టు. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు.

అందరి వార్తలూ మోసేవాణ్ణి, నా వార్త ఎవరికి ఇవ్వాలో తెలియక చొక్కా జేబులో పెట్టుకుని రెండు గంటలు కూచున్నాను. తరవాత కెప్టెన్‌కి చెప్పాను. పదకొండో రోజు ఓడ వంటవాడు, రత్నగిరి బండారీ, మహమ్మదీయుడు, నేను అడక్కుండానే విడిగా ఇంత అన్నం వండి పళ్లెంలో పెట్టి డెక్ మీదికి తెచ్చాడు. కాకి ఎక్కణ్ణుంచి వస్తుంది? నీళ్లలో వేశాను. అతను టోపీ చేతబట్టుకుని నేను వెనక్కి తిరిగేదాకా నిలబడ్డాడు.

ఎనిమిది నిమిషాలున్నాయి. పని ఎట్లా పోయిందో చెప్తాను. ఉపగ్రహాల మీద నడిచే కొత్త ఏర్పాటు 1992 ఫిబ్రవరి 1న మొదలై 1999 ఫిబ్రవరి 1కి పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఓడ మునిగితే ఒక డబ్బా దానంతటదే నీళ్లమీద తేలి, 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహానికి కబురు పెడుతుంది. మోర్స్ అక్కర్లేదు, నేను అక్కర్లేదు. మావాళ్లు చాలామంది ఆ యంత్రాన్ని తిట్టుకున్నారు. నేను తిట్టలేను. నేను రోజుకి ఎనిమిది గంటలు వింటే, మిగతా పదహారు గంటలూ మోటు గంట ఒకటి విన్నట్టు నటించేది. కొత్త డబ్బా నిద్రపోదు, అయిదుని నాలుగనుకోదు. నాకన్నా అదే మేలు. ఒక్కటే తేడా. ఉపగ్రహం ఎప్పుడూ వింటూనే ఉంటుంది గనక ఇప్పుడు ఎవరూ ఊరుకోనక్కర్లేదు. ఎర్ర రంగు గడియారాలు గోడల మీంచి దిగిపోయాయి.

నలభై అయిదేళ్లకి హోసూరు బస్టాండులో దిగాను. ఒక కర్మాగారంలో ఇంటర్వ్యూకి పోతే, మీ ఈడు కుర్రాడు, ‘ఏం వచ్చండీ మీకు?’ అని మర్యాదగానే అడిగాడు. మోర్స్ అన్నాను. నవ్వాపుకున్నాడు, మంచివాడు. మెయింటెనెన్స్ షెడ్డులో వేశారు. మొదటివారమే ఒక మోటారు మీద స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాను. బేరింగులో ఒక గోలీ పగిలితే చప్పుడులో చుక్క ఒకటి తప్పుతుంది. విప్పి చూస్తే పగిలి ఉంది. అరవై ఏళ్లు నిండేదాకా అదే నా పని. జీతం ఓడ జీతంలో నాలుగో వంతు. ఇంటికి మాత్రం రోజూ రాత్రి పోయేవాణ్ణి. పితుకుపప్పు కాలంలో ముద్ద వేడిగా ఉన్నప్పుడే తినేవాణ్ణి. ఇరవై ఏళ్లు అది లేదు.

మీలో ఓడ ఎక్కాలని ఉన్నవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. సీడీసీ అనే నావికుల పుస్తకం ఇప్పిస్తాం, నేరుగా ఓడ ఎక్కిస్తాం అని లక్షలడిగే ఏజెంట్లు మన రోడ్డుమీదికీ వచ్చేశారు. డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ నియామక లైసెన్సు ఉందో లేదో చూడకుండా పైసా ఇవ్వొద్దు. ఒకసారి ఒక కంపెనీ నాలుగు నెలలు జీతాలెగ్గొట్టి మమ్మల్ని పరాయి రేవులో వదిలేసింది. వాన నీళ్లు పట్టుకుని తాగాం. అప్పుడు కొలంబో వీధుల్లో అశోక్ లేలాండ్ లారీ కనబడితే మా హోసూరుదేనని అందరికీ చూపించాను. ఎన్నూరులో చేసిందో ఏమో, ఎవడు చూడొచ్చాడు!

మీ హాలు గడియారం రెండు నిమిషాలు ముందుంది. నా చేతికున్నది మన ఊరి టైటాన్, ఇందులో పదకొండూ నలభై నాలుగు. ఇంకొక్క నిమిషం. ఆ మూడో వరుసలో ఆకుపచ్చ దుపట్టా అమ్మాయి ఇందాకటి నుంచీ చెయ్యెత్తడం, దించడం చేస్తోంది. అడుగమ్మా. నేను మాట్లాడను, నువ్వు పూర్తిగా అడుగు.