డయలు చేసిన పిలుపు గమ్యము చేరిన విధము
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)

  

నేడు పల్లెలలో సైతము చేతి ఫోను లేని యిల్లు అరుదు. మీట నొక్కిన కొద్దిసేపటికే దూరదేశముననున్న కుమారుని కంఠము తల్లి చెవిని పడుచున్నది. అయితే లక్షలాది ఫోనులలో ఆ ఒక్క ఫోనును ఆ పిలుపు ఎట్లు కనుగొనుచున్నదను ప్రశ్న మనలో చాలమందికి తోచదు. దీనికై నేటి ఎలక్ట్రానిక్ పరికరమును విప్పి చూచిన లాభము లేదు. అందు కంటికి కదలునదేమియు కానరాదు. ఇనుము, ఇత్తడి, రాగితీగల చుట్టలతో చేయబడి, కంటికి కనబడుచు, చెవికి వినబడుచు పనిచేసిన వెనుకటి స్వయంచాలక ఎక్స్ఛేంజిని పరిశీలించినచో విషయము సులభముగా బోధపడును. పదిమంది సొత్తును పదిమందికి న్యాయముగా పంచుట ఎట్లో కూడ ఆ యంత్రము మనకు తెలుపును. ఆ పంపకమే మీ నిత్యకృత్యము గనుక నేటి ప్రసంగమునకు దానినే విషయముగా గైకొంటిమి.

చేతితో కలిపిన కాలము

1876లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోనునకు పేటెంటు పొందెను. 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో ఎక్స్ఛేంజిలు వెలసెను. వానియందు పెద్ద చెక్కబల్లల యెదుట ఆపరేటర్లు కూర్చుండెడివారు. పిలుచువారు ఫలానా సంఖ్య కావలెనని నోటితో చెప్పగా, ఆపరేటరు ఒక తీగ కొననున్న ప్లగ్గును ఆ సంఖ్యగల రంధ్రమున గ్రుచ్చి ఇరువురిని కలుపవలసి యుండెడిది.

ఆపరేటర్లు ఓర్పుతో, శ్రద్ధతో పనిచేసినవారే. అయినను ఆ పద్ధతిలో ఊరివారి పిలుపులన్నియు ఒక మనిషి చేతిమీదుగా పోవలెను. ఆ మనిషికి తీరిక ఉండవలెను, మెలకువ ఉండవలెను, నిష్పక్షపాత బుద్ధియు ఉండవలెను. అర్ధరాత్రివేళ వైద్యుని పిలువవలసిన వానికి ఈ మూడింటిలో ఏది లోపించినను ఆపదయే.

అమెరికాలోని కాన్సస్ నగరమున ఆల్మన్ బ్రౌన్ స్ట్రౌజర్ అను నతడు అంత్యక్రియల ఏర్పాట్లు చేయు వృత్తిలో ఉండెను. తనకు రావలసిన పిలుపులను ఆపరేటరు తన పోటీదారునకు కలుపుచున్నదని అతడు అనుమానించెనని ఒక కథ ప్రచారమున కలదు. కథ మాట ఎట్లున్నను, ఆపరేటరు అవసరము లేకుండ పిలుపులను కలుపు యంత్రమునకు అతడు 1891 మార్చిలో పేటెంటు పొందెను. 1892 నవంబరులో ఇండియానా రాష్ట్రమందలి లా పోర్ట్ పట్టణమున ఆ పద్ధతి ననుసరించిన ఎక్స్ఛేంజి ప్రారంభమయ్యెను. మన దేశమున మొదటి స్వయంచాలక ఎక్స్ఛేంజి 1913-14లో సిమ్లాయందు 700 లైన్లతో నెలకొల్పబడెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, 1948లో బెంగుళూరున ఏర్పడిన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ సంస్థ ఈ స్ట్రౌజర్ పరికరములను మన దేశముననే తయారుచేసెను.

అంకె అనగా తెంపుల లెక్క

మీలో పెద్దవారు గుండ్రని డయలుగల టెలిఫోనును చూచియే యుందురు. రిసీవరు పైకెత్తగానే ఇంటినుండి ఎక్స్ఛేంజివరకు గల జంటతీగలలో విద్యుత్తు ప్రవహింప నారంభించును. దీనితో ఎవరో మాటలాడగోరుచున్నారని ఎక్స్ఛేంజికి తెలియును. అచటి యొక మీట ఖాళీగానున్న యంత్రము నొకదానిని వెదకి ఆ ఇంటి తీగకు తగిలించును. అప్పుడు చెవికి గుర్రుమను నాదము వినబడును. ‘నేను సిద్ధముగా నున్నాను, సంఖ్య చెప్పుము’ అని దాని భావము.

ఒక అంకెగల రంధ్రమున వ్రేలుంచి డయలును ఆనువరకు త్రిప్పి విడిచినచో, లోపలి స్ప్రింగు దానిని వెనుకకు త్రిప్పును. అట్లు మరలునపుడు ప్రవాహము లెక్కప్రకారము తెగి మరల అతుకుచుండును. 3 త్రిప్పిన మూడు తెంపులు, 7 త్రిప్పిన ఏడు తెంపులు. సున్న త్రిప్పిన మాత్రము పది తెంపులు, ఏలయనగా అసలే తెంపు లేనిచో యంత్రము లెక్కించుట కేమియు ఉండదు. సెకనునకు సుమారు పది తెంపులు. ఎవరు ఎంత తొందరపడి త్రిప్పినను డయలు తన వేగముతోనే మరలును. ధనికుని వ్రేలైనను, పేదవాని వ్రేలైనను యంత్రమునకు చేరునది ఆ తెంపుల లెక్క మాత్రమే.

మెట్లెక్కు దండము

ఎక్స్ఛేంజిలోని ముఖ్య యంత్రమునకు సెలెక్టరు అని పేరు. దాని నడుమ ఒక నిలువు దండము, దండమునకు లోహపు నాలుకలు ఉండును. ఎదుట అర్ధచంద్రాకారమున పది వరుసలు ఒకదానిపై నొకటి అమర్చబడి యుండును. వరుసకు పది చొప్పున మొత్తము నూరు స్థానములు. ఒక విద్యుదయస్కాంతము దండమును తెంపునకు ఒక మెట్టు చొప్పున పైకెత్తును. వేరొకటి దానిని ఆ వరుసవెంట ప్రక్కకు త్రిప్పును.

ఉదాహరణకు 3462 అను సంఖ్యను తీసికొందము. మొదటి అంకె 3 రాగానే మొదటి సెలెక్టరు దండము మూడు మెట్లెక్కి మూడవ వరుసకు చేరును. ఆ వరుసలోని పది దారులును 3తో మొదలగు సంఖ్యల వైపునకు పోవునవే. వానిలో ఖాళీ దారి యేదో యంత్రమే వెదకుకొనును. దీనికై ప్రతి దారికి మాటలు పోవు జంటతీగతోపాటు మూడవ తీగ యొకటి ఉండును. ఎవరైన ఆ దారిని వాడుచున్నచో ఆ మూడవ తీగపై గుర్తు నిలుచును. గుర్తు కనబడినచో నాలుక మరియొక స్థానమునకు జరుగును, లేనిచోట ఆగును. ఆగిన తక్షణమే తన గుర్తు నుంచును గనుక వేరొకరు ఆ దారిలో చొరబడజాలరు. ఇది యంతయు అర సెకనుకన్న తక్కువ కాలమున, అనగా మన వ్రేలు తరువాతి రంధ్రమును చేరులోపున, జరిగిపోవును.

రెండవ అంకె 4 వచ్చినపుడు రెండవ సెలెక్టరు నాలుగు మెట్లెక్కి, అట్లే ఖాళీ దారిని వెదకి, 34తో మొదలగు నూరు సంఖ్యలను చూచు చివరి సెలెక్టరును పట్టుకొనును. చివరి సెలెక్టరు మూడవ అంకెకు ఆరు మెట్లెక్కును, నాలుగవ అంకెకు రెండు స్థానములు ప్రక్కకు తిరుగును. ఇచట వెదకుట లేదు. చేరవలసిన ఇల్లు ఒకటే గదా! ఆ తీగ ఖాళీగా నున్నచో అచట గంట మ్రోగును. లేనిచో పిలిచినవారికి ఆగి యాగి వచ్చు ‘ఎంగేజి’ ధ్వని వినబడును.

ప్రధాన కాలువ నీటిని పిల్లకాలువకు, పిల్లకాలువ బోదెకు, బోదె మడికి అందించునట్లు, ప్రతి యంత్రము తన వంతు అంకెను మాత్రమే చూచి తరువాతి దానికి పిలుపును అప్పగించును. సంఖ్య మొత్తము తెలిసిన యంత్రము వానిలో ఏదియు లేదు. అయినను పిలుపు దారి తప్పదు.

పది దారులు, నూరు ఇండ్లు

ఒక సందేహము మీకు కలుగవచ్చును. వరుసకు పది దారులే యున్నపుడు పదునొకండవ పిలుపు గతి యేమి? దండము పది స్థానములు దాటి పదునొకండవ స్థానమున నిలిచి, ‘ఎంగేజి’ ధ్వనిని వినిపించును. అవతలి యిల్లు ఖాళీగానే యుండవచ్చును. దారియే ఖాళీ లేదు.

ఇంటింటికి ఒక దారి వేయుటకు ఏ ప్రభుత్వమునకును శక్తి చాలదు, వేయనక్కరయు లేదు. అందరును ఒకే క్షణమున మాటలాడరు. ఎన్ని దారులున్న ఎందరికి చాలునను లెక్కను డెన్మార్కు దేశీయుడగు ఎర్లాంగ్ అను గణితజ్ఞుడు కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేయుచు తేల్చెను. 1909లో మొదటి వ్యాసమును, 1917లో ప్రసిద్ధమైన సూత్రమును ప్రకటించెను. నేటికిని ఫోను రద్దీని కొలుచు ప్రమాణమునకు ఆయన పేరే కలదు. దినమంతటి పిలుపులను కూడి సగటు తీసినచో ఏర్పాటు చాలదు. మిక్కిలి రద్దీగల గంటలో ఎన్ని వచ్చునో, ఒక్కొక్కటి ఎంతసేపు నిలుచునో చూచి, దానికి తగినన్ని దారులు వేయవలెను.

వాడినదానిని విడుచుట

సంభాషణ ముగిసి పిలిచినవారు రిసీవరును స్థానమున నుంచగానే, పట్టుకొన్న సెలెక్టరులన్నియు విడివడి, దండములు తమ మొదటి స్థితికి మరలి, మరియొకరి సేవకు సిద్ధమగును. రిసీవరు సరిగా పెట్టనిచో యంత్రము బంధింపబడియే యుండెడిది. మరియొక చిక్కు కలదు. ఈ పద్ధతిలో పిలుపును విడుచు అధికారము పిలిచినవారిది. పిలిచినవారు రిసీవరును బల్లపై వదలి వెళ్లినచో, అవతలివారు తమ రిసీవరును పెట్టివేసినను వారి తీగ విడుదల కాకపోయెడిది. ఎవరు పిలిచినను వారి గంట మ్రోగదు. ఒక యింటి అజాగ్రత్తవలన వేరొక యిల్లు లోకముతో సంబంధము కోల్పోయెడిది. దుమ్ము, తేమ ఈ యంత్రములకు శత్రువులు. నాలుక తాకుచోట ధూళి పేరుకొన్నచో మాట గరగరలాడును. అందువలన సిబ్బంది వానిని నిత్యము తుడిచి, పరీక్షించి, సరిచేయవలసి వచ్చెడిది.

నేటికిని నిలిచినది

1960లో కాన్పూరు, లక్నో నగరముల నడుమ ట్రంకు ఆపరేటరు సాయము లేకయే దూరపు పిలుపు చేయు సదుపాయము మొదలయ్యెను. 1984లో ఏర్పడిన సి-డాట్ సంస్థ గ్రామములకై 128 లైన్ల ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజిని రూపొందించెను. 1986లో అది కర్ణాటకయందలి కిత్తూరున పనిచేయ నారంభించెను. మెట్లెక్కు యంత్రములు క్రమముగా తొలగిపోయినవి. బ్రిటనులో చివరివి 1995లో తొలగింపబడినవి.

యంత్రము పోయినను దాని పద్ధతి నిలిచినది. 1972 ఆగస్టు 15న వచ్చిన తపాలా పిన్ కోడును చూడుడు. మొదటి అంకె 5 అయినచో ఉత్తరము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల వైపునకు సాగును. తరువాతి అంకెలు దారిని ఇరుకు చేయుచుపోగా, కడపటి మూడంకెలు మీ పోస్టాఫీసును తెలుపును. పోలీసులకు 100, అగ్నిమాపక దళమునకు 101 అనునట్లు ప్రత్యేక సేవలకు 1తో మొదలగు సంఖ్యలుంచుట డయలు కాలమునాటి యేర్పాటే. 2005లో హైదరాబాదున ఆరంభమైన 108 అంబులెన్సు సేవ సంఖ్యయు ఆ వరుసలోనిదే.

సభ్యులారా! మీ గ్రామమందలి మంచినీటి కుళాయి కూడ ఇట్టి ఎక్స్ఛేంజియే. ఉదయము ఆరుగంటలవేళ కుళాయివద్ద ఎన్ని బిందెలు చేరునో ఒకనాడు నిలిచి లెక్కింపుడు. దినమంతటి సగటును బట్టి కాక, ఆ గంటను బట్టి ఎన్ని కుళాయిలు కావలెనో నిర్ణయింపుడు. వచ్చిన వరుస తప్ప మరియే హోదాయు అచట చెల్లకుండ చూడుడు. పంచాయతీ అద్దెకిచ్చు పనిముట్టును ఒకరు వాడిన వెంటనే మరియొకరికి చేరునట్లు పుస్తకమున వ్రాసి యుంచుడు. పాడైనపుడు కాక, పాడుకాకముందే పరీక్షించు మనుష్యుని నియమింపుడు.