తప్పు కాలిదా, మెట్టుదా?

 

మన బడిలో చదివినవాళ్లలో డాక్టర్లున్నారు, నర్సులున్నారు, సొంతంగా నర్సింగ్ హోం నడుపుతున్నవారూ ఉన్నారు. అందుకే ఇంజనీరుగా నాకు తెలిసిన ఒక చిన్న విషయం మీ ముందుంచుతాను. అది ఆసుపత్రి మెట్ల గురించి.

రోగి పడిపోతే అందరం పరుగెత్తుతాం. అదే నర్సో, ఆయమ్మో, వార్డుబాయో మెట్ల మీద పడితే "చూసుకుని నడవొద్దా?" అంటాం. లిఫ్టును స్ట్రెచర్లకు వదిలేసి, చేతుల నిండా సామాన్లతో పగలూ రాత్రీ మెట్లెక్కి దిగేది వాళ్లే. పడితే మణికట్టో, తుంటి ఎముకో విరగొచ్చు. తలకు దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పు.

నాలుగు మెట్లు దిగేసరికి కాలికి ఆ ఎత్తు అలవాటైపోతుంది. తర్వాతి మెట్టూ అంతే ఉందనుకుని అడుగు పడుతుంది. ఒక్క మెట్టు తేడాగా ఉన్నా పట్టు తప్పుతుంది. ఆ తేడా చాలాసార్లు మనం తెచ్చిపెట్టేదే. మెట్లను అలాగే వదిలేసి, పాత గచ్చు మీద కొత్త టైల్స్ వేయిస్తాం. పై అంతస్తు నేల 40 మిల్లీమీటర్లు లేస్తే, అన్నిటికన్నా పై మెట్టు ఎత్తు అంతా పెరుగుతుంది. కింది అంతస్తులోనూ వేయిస్తే అక్కడి మొదటి మెట్టు అంత తగ్గుతుంది.

ఇంకోటి. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం ఇంటి మెట్టు వెడల్పు 250 మిల్లీమీటర్లు, ఎత్తు 190 వరకు ఉండొచ్చు. ఆసుపత్రిలో వెడల్పు 300కు తగ్గకూడదు, ఎత్తు 150 దాటకూడదు. ఇంటిని అద్దెకు తీసుకుని నర్సింగ్ హోం చేసినప్పుడు బోర్డు మారుతుంది, మెట్లు మారవు.

అన్నీ పగలగొట్టి కట్టమనడం లేదు. మెట్టు అంచున గరుకు పట్టీ, కొట్టొచ్చినట్టు కనిపించే రంగు, రెండు వైపులా రెయిలింగ్, పైనా కిందా లైటు స్విచ్ పెట్టించండి. ఫినాయిల్‌తో తుడిచేటప్పుడు సగం మెట్టు తుడిచి, అది ఆరాక మిగతా సగం తుడవమనండి. బరువులు లిఫ్టులోనే పంపించండి. ఎవరైనా పడినా, పడబోయి నిలదొక్కుకున్నా, ఏ మెట్టు దగ్గరో పుస్తకంలో రాయించండి. అదే మెట్టు రెండోసారి కనిపిస్తే తప్పు కాలిది కాదని తెలిసిపోతుంది.

రేపు మీ ఆసుపత్రికి వెళ్లగానే ఒక టేపు తీసుకుని ప్రతి మెట్టూ కొలవండి. పట్టేది పది నిమిషాలు. తేడా కనిపిస్తే మేస్త్రీని పిలవండి. నన్ను పిలిచినా వస్తాను.