ఇంటి ఇంటర్నెట్ వేగము – కొలిచి తెలుసుకొనే విధము
(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సమావేశములో చదువులను గురించి, వైద్యమును గురించి పెద్దలు మాట్లాడుట మామూలు. ఈసారి కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయము ఇంటి ఇంటర్నెట్ వేగము. నేను ఇంజనీరును కాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన బడిపంతులును. అయితే ఇందులో కావలసినవి సగం లెక్కలే, అవీ ఐదో తరగతి లెక్కలే కనుక ఒప్పుకొన్నాను. ఇంకొక కారణము కూడా ఉన్నది. అది మా ఇంటి సంగతి.

మా ఆపా మనవరాలు బి.టెక్. పూర్తి చేసింది. హైదరాబాదులో ఒక కంపెనీవారు ఆన్‌లైనులో ఇంటర్వ్యూ పెట్టారు. పగలు పదకొండు గంటలకు పిల్ల లోపలి గదిలో తలుపు వేసుకొని కూర్చున్నది. మూడుసార్లు బొమ్మ ఆగిపోయింది. నాలుగోసారి మొత్తం తెగిపోయింది. తరువాత తెలియజేస్తామన్నారు, తెలియజేయలేదు. తమాషా ఏమిటంటే, అంతకు రెండు నెలల ముందే ఆపా నెలకు మూడు వందలు అదనంగా కట్టి 40 ఎంబీపీఎస్ ప్లాను నుంచి 100 ప్లానుకు మారింది, జెద్దాలో ఉన్న కొడుకు రాత్రిపూట చేసే వీడియో కాలు మాటిమాటికీ నిలిచిపోతున్నదని. డబ్బు పెరిగింది గాని కాలు నిలిచిపోవటం మానలేదు. "భాయ్, నేను కడుతున్న ఆ నూరు ఎక్కడికి పోతున్నది?" అని అడిగింది ఆపా. ఆ ప్రశ్నకు వెదికిన జవాబే ఈ నా మాటలు.

ముందు ఆ నూరు అంటే ఏమిటో చూద్దాము. ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని. మన ఫోనులో సినిమా, ఫొటో సైజు చూపేది మెగాబైట్లలో. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. కనుక 40 ఎంబీపీఎస్ ప్లాను అంటే సెకనుకు 40 మెగాబైట్లు కాదు, 5 మెగాబైట్లు. 700 మెగాబైట్ల సినిమా దిగటానికి 140 సెకన్లు, అంటే రెండు నిమిషాల ఇరవై సెకన్లు పడుతుంది, అదీ లైను నిండుగా పనిచేస్తే. "నలభై అన్నారు, ఐదే వస్తున్నది, మోసం" అని కేబులు అబ్బాయితో తగవు పెట్టుకొన్నవారు మన వీధిలోనే ఉన్నారు. ఆ తగవులో అబ్బాయిదే న్యాయము.

మన దేశములో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా. అప్పటి ఫోను లైను మీద వేగము సెకనుకు 9.6 కిలోబిట్లు. మెగా కాదు, కిలో. 2004లో కేంద్ర ప్రభుత్వము బ్రాడ్‌బ్యాండ్ విధానము ప్రకటించినపుడు 256 కిలోబిట్లు ఉంటే చాలు, దానిని బ్రాడ్‌బ్యాండ్ అనవచ్చునన్నది. 2013లో అది 512 అయినది, 2023లో 2 మెగాబిట్లు అయినది. మన రాష్ట్రములో కరెంటు స్తంభాల మీదుగా గాజు తీగ లాగి ఊరూరికీ ఇవ్వాలని ఏ.పి. ఫైబర్‌నెట్ పెట్టారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దానిని ప్రారంభించారు. అప్పటి కనీస ప్లాను నెలకు 149 రూపాయలు, వేగము 15 ఎంబీపీఎస్, అదీ కొంత డేటా పరిమితి వరకు. ఇదంతా ఎందుకు చెప్పానంటే, కంపెనీ ఏదైనా, కాగితము మీద ఉన్న అంకె పై హద్దు. "వరకు" అనే చిన్న మాట దాని పక్కన ఎక్కడో ఉంటుంది. నెల కోటా దాటితే వేగము తగ్గుతుందనే మాట అంతకన్నా చిన్న అక్షరాలలో ఉంటుంది. ప్లాను తీసుకొనే ముందు ఆ రెండూ చదవండి. కళ్ళజోడు లేకపోతే పిల్లలచేత చదివించుకోండి.

ఇక పరీక్ష. ఊక్లావారి స్పీడ్‌టెస్ట్ అని ఒకటి, నెట్‌ఫ్లిక్స్ వారు 2016లో పెట్టిన ఫాస్ట్ డాట్ కామ్ అని ఒకటి ఉన్నాయి. అదే 2016లో ట్రాయ్ వారు మైస్పీడ్ అనే యాప్ తెచ్చారు. మొబైల్ డేటా వేగము కొలిచి ఫలితాన్ని నేరుగా వారికే పంపవచ్చును. అన్నీ ఉచితమే. కాని డేటా మాత్రము ఉచితము కాదు. నూరు ఎంబీపీఎస్ లైను మీద పది సెకన్లు పరీక్ష జరిగితే వెయ్యి మెగాబిట్లు, అంటే 125 మెగాబైట్లు ఖర్చు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు మీద ఉన్న పిల్లవాడు సరదాకు పదిసార్లు నొక్కితే సాయంత్రానికి ప్యాకు ఖాళీ.

పరీక్ష చేస్తే మూడు అంకెలు వస్తాయి. మనవాళ్ళు మొదటిది చూసి మిగతావి వదిలేస్తారు. మొదటిది డౌన్‌లోడ్, మనకు వచ్చేది. రెండవది అప్‌లోడ్, మన నుంచి పోయేది. మూడవది పింగ్, అంటే మనము పిలిస్తే అవతలినుంచి "ఆ" అనటానికి పట్టే సమయము, సెకనులో వెయ్యో వంతులలో. సినిమా చూడటానికి మొదటిది చాలు. ఫుల్ హెచ్‌డీ బొమ్మకు నెట్‌ఫ్లిక్స్ వారే 5 ఎంబీపీఎస్ చాలునంటారు. వీడియో కాలుకు అంత కూడా అక్కరలేదు. మరి మా పిల్ల ఇంటర్వ్యూ ఎందుకు పోయింది? అక్కడ మన ముఖము, మన మాట అవతలికి వెళ్ళాలి. అది అప్‌లోడ్. పైగా పింగ్ నిలకడగా ఉండాలి. ఒకసారి 20, మరొకసారి 600 అయితే మాట ముక్కలవుతుంది.

గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. నందిగామ నుంచి హైదరాబాదు 200 కిలోమీటర్ల పైచిలుకు. పోయి రావటానికి రెండు మూడు వెయ్యో వంతులు చాలు. మధ్యలో యంత్రాలు ఆపి పంపటం వల్ల పది, ఇరవై కావచ్చు. అదే వందలలోకి పోతున్నదంటే దూరము కారణం కాదు, ఎక్కడో దారి ఇరుకైనదని అర్థము.

ఆపా ఇంట్లో నేను చేసింది చెబుతాను. ఒక ఇరవై పేజీల నోటుబుక్కు తీసుకొన్నాను. పక్కింటి అబ్బాయి ల్యాప్‌టాప్ అడిగి తెచ్చాను. టీవీ ఆపించాను, అందరి ఫోన్లలో వైఫై తీయించాను. ఇది ముఖ్యము, నలుగురు వాడుతుండగా కొలిస్తే వచ్చేది మిగిలినది మాత్రమే. అప్పుడు బాక్సు నుంచి ల్యాప్‌టాపుకు వైరు పెట్టి ఉదయము ఆరు గంటలకు కొలిస్తే 94 వచ్చింది. నూరుకు 94 వస్తే నిండుగా వచ్చినట్టే. మిగతా ఆరు దారి ఖర్చు, ఉత్తరము మీద కవరు బరువు లాంటిది. వైరు తీసి, బాక్సు పక్కనే నిలబడి వైఫై మీద కొలిస్తే 88. లోపలి గదిలోకి పోయి, పిల్ల ఇంటర్వ్యూకు కూర్చున్న కుర్చీలో కూర్చుని కొలిస్తే 6. అప్‌లోడ్ 1. అదే ఇల్లు, అదే నిమిషము!

బాక్సు ఎక్కడ పెట్టారంటే ముందుగదిలో టీవీ వెనుక, గూట్లో, అందంగా కనబడకుండా. దానికీ లోపలి గదికీ మధ్య మా బావగారు కట్టించిన రాతి గోడ, ఆ గోడకు ఆనించి ఇనుప బీరువా. వైఫై రేడియో తరంగము. ఇనుము దానిని వెనక్కి కొడుతుంది, మందపాటి గోడ మింగుతుంది. బాక్సులో రెండు తరంగాలు ఉంటాయి. 2.4 అనేది వేగము తక్కువ, దూరము ఎక్కువ. 5 అనేది వేగము ఎక్కువ, గోడ దాటే శక్తి తక్కువ. వైఫై పేరు చివర 5జి అని చూసి సెల్‌ఫోను 5జి ఇంట్లోకి వచ్చిందనుకొనేవారు చాలామంది. రెండింటికీ సంబంధము లేదు.

బాక్సును గూట్లోంచి తీసి, మధ్య గది తలుపు పైన ఒక చెక్క కొట్టి పెట్టించాము. వడ్రంగికి రెండు వందలు. లోపలి గదిలో 6 ఉన్నది 41 అయినది, అప్‌లోడ్ 30 దాటింది. రెండు నెలలు అదనంగా కట్టిన ఆరు వందలు ఆ గోడకు, ఆ బీరువాకు సమర్పించినట్టే. ఎందుకంటే ఆ గదిలోకి ఆరే పోతున్నప్పుడు బాక్సు దగ్గర 40 ఉన్నా 100 ఉన్నా ఒక్కటే.

కాని కథ అక్కడ అయిపోలేదు. రాత్రి జెద్దా కాలు మళ్ళీ నిలిచిపోయింది. జెద్దా మనకన్నా రెండున్నర గంటలు వెనుక. అబ్బాయి డ్యూటీ దిగి అక్కడ ఏడింటికి చేస్తే ఇక్కడ తొమ్మిదిన్నర. సరిగ్గా ఊరంతా భోజనాలు చేసి ఫోన్లు పట్టుకొనే వేళ. ఆ వేళకు వైరు పెట్టి కొలిచాను. 22. పింగ్ వందలలో ఎగురుతున్నది. మరునాడు 25, ఆ మరునాడు 19. ఉదయము మాత్రము ఎప్పుడూ 90 పైనే.

ఇది బీరువా తప్పు కాదు కదా, వైరు మీద కూడా తగ్గుతున్నది గనుక. గాజు తీగ ఇంటింటికీ విడిగా రాదు. ఒక తీగలో వెలుగును అద్దము పెట్టినట్టు చీల్చి 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతారు. జీపాన్ అనే మామూలు పద్ధతిలో ఆ తీగ మీద కిందికి వచ్చే మొత్తము సుమారు 2,500 ఎంబీపీఎస్. 32 ఇళ్ళు ఒకేసారి నూరేసి లాగితే 3,200 కావాలి. ఎక్కడినుంచి వస్తుంది? అందరూ ఒకేసారి లాగరులే అనే ధైర్యముతో అమ్ముతారు, అందులో తప్పు లేదు. కాని పైనుంచి ఆపరేటరు కొన్నది తక్కువై, కింద చేర్చిన ఇళ్ళు ఎక్కువైతే సాగర్ ఎడమ కాలువ చివరి భూముల గతే. తూము దగ్గర నీళ్ళు ఉంటాయి, మన చేలోకి రావు. మన మెట్ట రైతుకు ఇది నేను విడమరచి చెప్పనక్కరలేదు.

జెద్దా విషయములో ఇంకొకటి చూసుకోవాలి. పరీక్ష యాప్ తనంతట తాను దగ్గరలోని సర్వరును ఎన్నుకొంటుంది. విజయవాడకో హైదరాబాదుకో కొలిచి "భేష్" అంటుంది. సర్వరు మార్చు అనే చోట నొక్కి గల్ఫ్ ఊరిని ఎంచుకొని కూడా కొలవండి. దగ్గరిది బాగుండి దూరానిది మాత్రమే చెడితే అది మన వీధి తప్పు కాదు. 2025 సెప్టెంబరులో జెద్దా దగ్గర ఎర్రసముద్రములో కేబుళ్ళు తెగినపుడు మన దేశములో కూడా కొందరికి వేగము పడిపోయింది. దుబాయి, షార్జాలలో పిల్లలున్నవారు వాట్సాప్ కాలు పోవటం లేదని లైనును తిట్టవద్దు. అది అక్కడి ప్రభుత్వ నిబంధన.

అలాగే బాక్సు మీద ఎల్.ఓ.ఎస్. అనే చోట ఎర్ర దీపము వెలుగుతుంటే స్పీడు కొలిచే పనే లేదు. తీగ ఎక్కడో తెగింది. గాలివానకు స్తంభము ఒరిగినా, పత్తి లోడు లారీ తగిలినా అంతే. ఫోను చేసి చెప్పండి, అంతే.

ఏడు రోజుల లెక్క నోటుబుక్కులో ఉన్నది. తేదీ, గంట, వైరా వైఫైయా, మూడు అంకెలు, ఏ సర్వరు. అది పట్టుకొని ఆఫీసుకు పోయాను. ఎవరి ఆఫీసు అని అడగవద్దు. కుర్చీలో ఉన్న అబ్బాయి పుస్తకము తెరవకుండానే "మీ ఫోను పాతది సార్" అన్నాడు. ఫోను కాదు బాబూ, వైరు మీద కొలిచాను, ఉదయము 94, రాత్రి 22, ఒకటే ల్యాప్‌టాప్, అది రాత్రికి రాత్రి ముసలిదవుతుందా అన్నాను. అప్పుడు పుస్తకము తీసుకొని చూశాడు. ఫిర్యాదు నంబరు ఇవ్వమని కూర్చున్నాను. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదు ఫిర్యాదు కాదు, నంబరు ఉంటేనే ఫిర్యాదు. ఆ నంబరు మీద పని జరగకపోతే అదే కంపెనీలో అప్పిలేటు అథారిటీ అని ఉంటుంది, దానికి పైన అప్పీలు పెట్టుకోవచ్చును. ఈ రెండంచెల ఏర్పాటు 2012 నాటి ట్రాయ్ నిబంధనలలో ఉన్నది. మాకు అప్పీలు దాకా పోవలసిన పని లేకపోయింది. పన్నెండు రోజులకు ఇద్దరు వచ్చి స్తంభము మీద ఏదో మార్చారు. మా వీధిని వేరే తీగకు కలిపామన్నారు. ఆ రాత్రి తొమ్మిదిన్నరకు వైరు మీద 78.

ఆపా మరుసటి నెల తిరిగి 40 ప్లానుకే వచ్చింది. ముగ్గురు మనుషులు, ఒక టీవీ ఉన్న ఇంటికి అది చాలు. కొడుకు బొమ్మ ఇప్పుడు నిలకడగా కనబడుతున్నది. ఎంత నిలకడ అంటే, "నీ ముఖము పీక్కుపోయింది, సరిగ్గా తినటం లేదు" అని రోజూ తగవే. మనవరాలికి ఆ ఉద్యోగము మాత్రము తిరిగి రాలేదు. ఇప్పుడు ఏ ఇంటర్వ్యూ ఉన్నా ముందురోజు అదే గంటకు, అదే కుర్చీలో కూర్చుని కొలుచుకొంటున్నది. అప్‌లోడ్ తగ్గితే బాక్సు దగ్గరకు వచ్చి వైరు పెట్టుకొంటున్నది.

కార్యదర్శిగారితో మాట్లాడి పది మీటర్ల నెట్ వైరు ఒకటి, దానిని ఫోనుకు తగిలించే చిన్న పిన్ను ఒకటి కొనిపించాము. ల్యాప్‌టాప్ లేని ఇళ్ళవారు కూడా వైరు మీద కొలుచుకోవచ్చును. రెండూ సొసైటీ గదిలో అల్మైరాలో ఉంటాయి. రిజిస్టరులో సంతకము పెట్టి తీసుకొనిపోండి, రెండు రోజులలో తెచ్చి ఇవ్వండి. అంకెలు అర్థము కాకపోతే అసర్ తరువాత నేను అక్కడే ఉంటాను, నోటుబుక్కు మాత్రము మీరే తెచ్చుకోండి.