మొహం మీద మొటిమలు – సొంత వైద్యం వద్దు



పిల్లల తల్లులమయ్యాక మొటిమలేందని మనం మొహం దాచుకుంటున్నాం. ముప్పై దాటినా ఇవి వస్తాయి. మురికి వల్ల కాదు, హార్మోన్ల వల్ల. నెలసరి ముందు గదవ మీద, దవడల మీద నొప్పిగా లేస్తాయి.

మాలో ఒకరు షాపులో అడిగి తెచ్చిన ట్యూబు రాశారు. వారంలో మొహం నున్నగైంది. మానగానే రెట్టింపు లేచాయి, చర్మం పలచబడి ఎండకు మండింది. అందులో ఉన్నది స్టెరాయిడ్. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ పేర్లుంటే మొటిమలకు రాయొద్దు. ఇప్పటికే రాస్తుంటే డాక్టరుకు చూపించాలి. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మొద్దని 2018లోనే కేంద్రం చెప్పింది.

సరైన మందులున్నాయి. బెంజాయిల్ పెరాక్సైడ్, రాత్రిపూట బఠాణీ గింజంత అడాపలీన్ పూతకు ఇస్తారు. గుణం కనపడేందుకు రెండు మూడు నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి. తగ్గకపోతే గర్భనిరోధక మాత్రలు, స్పైరోనోలాక్టోన్, ఐసోట్రెటినోయిన్ లాంటివి డాక్టరే రాయాలి. ఐసోట్రెటినోయిన్ వల్ల కడుపులో బిడ్డకు అవకరం వస్తుంది. అందుకే గర్భం ఉన్నా, రావాలనుకున్నా, పాలిస్తున్నా ముందే చెప్పాలి.

నెలసరి తప్పుతున్నా, గదవ మీద వెంట్రుకలొస్తున్నా అది పీసీఓఎస్ కావచ్చు, పరీక్ష చేయించుకోవాలి. ఆడవాళ్లను మంగళవారాలు చూసేందుకు 2023 మార్చి 8న మన రాష్ట్రంలో ఆరోగ్య మహిళ కేంద్రాలు మొదలయ్యాయి. దగ్గరిది ఎక్కడో ఆశమ్మను అడుగుదాం.

పొదుపు లెక్క దాచుకోకుండా చెప్పుకుంటాం కదా, ఇదీ అట్లనే చెప్పుకుందాం.