ఉబ్బసముతో ఉన్నన్నాళ్లు: కషాయము, ఊపిరి, ఇన్‌హేలరు



నేను డాక్టరునూ కాను, ఆయుర్వేద వైద్యుణ్ణీ కాను. రెవిన్యూ శాఖలో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. నలభై ఏళ్లకు పైగా ఉబ్బసముతో కాపురము చేస్తున్నవాణ్ణి. ఆ ఒక్క అర్హత చూసి కార్యదర్శి గారు నన్ను మాట్లాడమన్నారు.

మన వైపు దీనిని దమ్ము అంటాము. సూర్యాపేట తాలూకా కచేరీ రికార్డు రూములో పాత పహాణీల దుమ్ము దులిపే రోజుల్లో నాకిది మొదలైంది. తరువాత కోదాడకు, అటుపైన మిర్యాలగూడకు బదిలీ. కోదాడలో హైవే మీది లారీల పొగ. మిర్యాలగూడలో సాగర్ ఎడమ కాలువ వరితో బాటు మిల్లులను, మిల్లులతో బాటు ఊక దుమ్మును తెచ్చింది. బదిలీ అయిన చోటికల్లా నా దమ్ము కూడా జాయినింగు రిపోర్టు ఇచ్చేది.

చరక సంహిత చికిత్సాస్థానము 17వ అధ్యాయములో శ్వాస రోగాలు ఐదు అని ఉన్నది. వాటిలో తమక శ్వాస అనేది మన ఉబ్బసమునకు దగ్గర. పడుకుంటే ఆయాసము ఎక్కువ, కూర్చుంటే తెరిపి. మబ్బు, చలి, తూర్పు గాలి పడవు. దుమ్మును, పొగను కారణాలలో చేర్చారు. అన్నిటికంటె ముఖ్యము, దీనిని "యాప్యము" అన్నారు. కొత్తదైతే కుదరవచ్చు గాని, పాతబడితే అదుపులో పెట్టుకొని బ్రతకవలసినదే అని భావము. కాబట్టి "మూడు నెలల్లో వేళ్లతో సహా పీకేస్తాము" అనేవారు ఆయుర్వేదము పేరు చెబుతున్నారే తప్ప ఆయుర్వేదము మాట చెప్పడం లేదు.

ఈ సంగతి ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, మన మిత్రుడొకరు అటువంటి పొడి ఒకటి నమ్మి ఇన్‌హేలరు మానేశారు. నాలుగు నెలలు బాగానే ఉన్నారు. ఒక చలికాలపు తెల్లవారుజామున దమ్ము వచ్చి, ఆసుపత్రికి చేరేలోపే మనకు దక్కకుండా పోయారు. అటువంటి కొన్ని పొడులలో స్టెరాయిడ్ మందు కలిపినట్లు పరీక్షలలో బయటపడిన సందర్భాలున్నాయి. మొదట్లో గుణము కనిపించడానికి అది ఒక కారణము కావచ్చును.

అట్లని మన మందులను తీసిపారేయనక్కరలేదు. అడ్డసరం ఆకులో వాసిసిన్ అనే పదార్థము ఉన్నది. దాని ఆధారముగానే కఫము పలుచబరిచే బ్రోంహెక్సిన్ మందును తయారుచేశారు. నేను నేటికీ చలికాలములో శొంఠి, పిప్పళ్లు, మిరియాలు వేసిన కషాయము తాగుతాను. గొంతుకు హాయిగా ఉంటుంది. కాని గొట్టాల లోపలి వాపును తగ్గించడానికి అది చాలదు. ఇంకొక జాగ్రత్త. అతిమధురము ఎక్కువైతే బి.పి. పెరుగుతుంది. సితోపలాది చూర్ణములో పటికబెల్లము ఉంటుంది, షుగరున్నవారు గమనించాలి. భస్మాలు, రసౌషధాలు డిగ్రీ ఉన్న వైద్యుడు చూసి ఇస్తే తప్ప ముట్టవద్దు.

మృగశిర కార్తెకు హైదరాబాదులో బత్తిని కుటుంబము వారు ఇచ్చే చేప ప్రసాదము సంగతి నన్ను అందరూ అడుగుతారు. కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. శాకాహారులకు బెల్లముతో ఇస్తారు. నమ్మకమున్నవారు వెళ్లవచ్చు. ఇన్‌హేలరు మాత్రము జేబులో పెట్టుకొని వెళ్లండి, వచ్చాక కూడా మానకండి.

ఇక ఊపిరి. ఉదయము కుర్చీలో నిటారుగా కూర్చుంటాను. ముక్కుతో రెండు లెక్కపెట్టేదాకా పీల్చి, పెదవులు సన్నగా చేసి నాలుగు లెక్కపెట్టేదాకా వదులుతాను. తరువాత కుంభకము లేకుండా అనులోమ విలోమము, చివర భ్రామరి. మొత్తము పదిహేను నిమిషాలు. దీనివల్ల ఆయాసపు భయము, కంగారు తగ్గుతాయి. శ్వాస వ్యాయామాల మీద జరిగిన పరిశోధనలు కూడా జీవితము సుఖపడుతుందన్నాయే గాని, ఊపిరితిత్తుల శక్తి పెద్దగా మారుతుందనలేదు. బి.పి., గుండెజబ్బు, హెర్నియా ఉన్నవారు కపాలభాతి, భస్త్రిక జోలికి పోరాదు. దమ్ము వచ్చినప్పుడు ప్రాణాయామము కాదు, ముందు ఇన్‌హేలరు.

ఇన్‌హేలర్లలో రెండు పనులున్నాయి. సాల్‌బుటమాల్ వంటిది నిమిషాలలో గొట్టాలను తెరుస్తుంది, నాలుగైదు గంటలు పనిచేస్తుంది. బుడెసొనైడ్ వంటిది వాపును నెమ్మదిగా తగ్గిస్తుంది, బాగున్నా రోజూ వాడాలి. మొదటి రకము ఒక్కదానితోనే నెట్టుకురావద్దని 2019 నుండి ప్రపంచ ఉబ్బస మార్గదర్శకాలు చెబుతున్నాయి. స్పేసరుతో పీల్చండి, తరువాత నోరు పుక్కిలించండి.

మన వయసు వారికి మరికొన్ని మాటలు. అరవై దాటాక వచ్చే ఆయాసము గుండెదీ కావచ్చు, కట్టెల పొయ్యి పొగ పీల్చిన ఆడవారికి వేరే ఊపిరితిత్తుల జబ్బూ కావచ్చు. స్పైరోమెట్రీ, ఇ.సి.జి. చేయించుకోండి. కొన్ని బి.పి. మాత్రలు, నొప్పి మాత్రలు, గ్లకోమాకు వేసే టిమొలాల్ కంటి చుక్కలు దమ్మును రేపుతాయి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఉబ్బసమున్నదని ముందే చెప్పండి. జీవన ప్రమాణ పత్రము ఇచ్చినట్లే ఏడాదికొకసారి ఫ్లూ టీకా వేయించుకోండి.

గుమాస్తా బుద్ధి పోదు కదా, నేనొక రిజిస్టరు పెట్టాను. పీక్ ఫ్లో మీటరులో పొద్దున, సాయంత్రము ఊది అంకె రాస్తాను. నా మంచి రోజుల అంకెలో 80 శాతము కంటె తక్కువకు పడితే డాక్టరుకు చూపిస్తాను. 50 శాతము కంటె తక్కువకు పడినా, ఒక వాక్యము పూర్తిగా పలకలేకపోయినా, పెదవులు నీలిబారినా ఇన్‌హేలరు పీలుస్తూనే 108కి ఫోను చేయాలని మా ఇంట్లో గోడకు రాసి పెట్టాను. ఇంటివారికి ఇది నేర్పడము కషాయము కాచడము కంటె ముఖ్యము.

 నా ఇన్‌హేలరు, స్పేసరు, రిజిస్టరు ఇక్కడ బల్ల మీద పెడుతున్నాను. భోజనాల ముందు వచ్చి చూడండి, పీల్చే పద్ధతి సందేహముంటే అడగండి. సెలవు.