న్యూట్రానులను లెక్కించు నూతన సాధనములు
(సంఘ మాస సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



విజ్ఞానవిషయమొకటి ముచ్చటింపుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను మొదట వెనుదీసితిని. నా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది; తరువాతి పాఠములన్నియు ధాన్యపు కొట్టులోనే నేర్చితిని. అయినను ఈ సంగతి చదువుచుండగా ఇదియు సరకు కరవు, ధర, లెక్క అను మన వర్తకుల వ్యవహారమే యని తోచినది. అందుచే సాహసించుచున్నాను.

పరమాణుకేంద్రకములోని న్యూట్రాను అను కణమును 1932లో కేంబ్రిడ్జిలో జేమ్స్ చాడ్విక్ కనుగొనెను. దీనికి విద్యుదావేశము లేదు. ఆవేశము గల కణము వాయువు గుండ పోవునప్పుడు దారిపొడుగున విద్యుత్తు జాడ విడుచును. న్యూట్రాను ఏ జాడయు విడువక సాగిపోవును. కావున దానిని పట్టి, దానికి మారుగా ఆవేశము గల కణములను వెడలగొట్టు పదార్థమొకటి కావలెను. లారీ నుండి బస్తాలు దిగునప్పుడు గుమస్తా బస్తాలను లెక్కింపడు. హమాలీ బస్తాకొకటిగా తెచ్చి ఇచ్చు బిళ్లలను లెక్కించును. న్యూట్రానుల లెక్కయు అట్టిదే.

చాలకాలము ఈ పనికి హీలియం-3 అను వాయువును మించినది లేకుండెను. అది న్యూట్రానును మ్రింగి ఒక ప్రోటానును, ఒక ట్రిటియం కేంద్రకమును వెలువరించును. పట్టుటయు, జాడ చూపుటయు ఆ వాయువే చేయును. అంతకు ముందు వాడిన బోరాన్ ట్రైఫ్లోరైడు వలె ఇది విషవాయువు కాదు.

అయితే ఈ సరకు ఎచ్చటి నుండి వచ్చుచుండెను? అణ్వాయుధములకై తయారుచేసిన ట్రిటియం 12.3 సంవత్సరములకు సగము క్షయించి హీలియం-3గా మారును. బియ్యము ఆడించువానికి తవుడు మిగిలినట్లు, బాంబులు చేయువారికి ఇది మిగిలినది. అమెరికా, రష్యాలు ఆయుధములు తగ్గించుకొనగా మిల్లు మందగించినది. అదే సమయమున, 2001 సెప్టెంబరు దాడుల తరువాత, దొంగచాటున ప్లుటోనియము రాకుండ అమెరికా తన రేవులలో న్యూట్రాను యంత్రములను వరుసగా నిలిపెను. రాబడి తగ్గి వాడుక పెరిగినచో ఏమగునో మీకు నేను చెప్పనక్కరలేదు. లీటరు నూరు డాలర్ల ప్రాంతమున దొరకు వాయువు రెండువేల వరకు ఎగబ్రాకెను. 2009లో రేవు యంత్రములకు దాని కేటాయింపునే అమెరికా ప్రభుత్వము నిలిపివేసెను. అంతటి ప్రయోగశాలలు తవుడు కొనుచు, మిల్లు ఎన్నాళ్లు ఆడునో విచారింపకుండుట నాకు వింతగా తోచినది.

ఇది మనకేల యని తలపవలదు. పొటాషు ఎరువు, పింగాణీ పలకలు సహజముగనే గామా కిరణములను వెలువరించును; రేవులోని గామా యంత్రము వానిని చూచి మ్రోగును. అవి న్యూట్రానులను విడువవు. కనుక న్యూట్రానుల లెక్క నికరముగ నున్నచో నిర్దోషియైన వర్తకుని సరకు త్వరగా బయటపడును. దొంగబిళ్లను మంచిబిళ్లగా లెక్కించు గుమస్తా కొట్టును ముంచినట్లే, గామాను న్యూట్రానుగా లెక్కించు యంత్రము రేవును ముంచును. ఇక మన ముంబయిలోని ట్రాంబేలో, 1985లో పని ఆరంభించిన ధ్రువ రియాక్టరు నుండి వచ్చు న్యూట్రాను ధారలతో పదార్థముల లోపలి కట్టడిని పరిశీలించుచున్నారు. అట్టి ప్రయోగములన్నిటికిని ఈ లెక్కయే ప్రాణము.

ఇప్పుడు హీలియంకు మారుగా బోరాను ముందుకు వచ్చినది. సహజమైన బోరానులో ఇంచుమించు ఐదవ వంతు బోరాన్-10 కలదు. న్యూట్రానును పట్టునది అదియే. దానిని వేరుచేసి, బోరాన్ కార్బైడుగా అల్యూమినియం రేకుపై మిల్లీమీటరులో వేయవ వంతు మందమున పూయుదురు. మరింత దళసరిగా పూయరాదా యని నాకును తోచినది. పూయవచ్చును గాని లాభము లేదు. న్యూట్రాను చిక్కినప్పుడు వెలువడు ఆల్ఫా, లిథియం కణములు కొన్ని మైక్రానుల కంటె ఎక్కువ దూరము పోలేవు. పూత దళసరియైనచో అవి పూతలోనే ఆగిపోవును. ఇరుకు సందులో చిక్కిన హమాలీ బిళ్ల గుమస్తాకు చేరనట్లే. పలుచని పూత ఒక్కటి నూటికి ఐదు న్యూట్రానులనే పట్టును. కావున పూతలను ఒకదాని వెనుక నొకటిగా పదులకొలది పేర్చవలసివచ్చినది. ఫ్రాన్సులోని గ్రెనోబుల్ శాస్త్రజ్ఞులు ఈ విధమున ‘మల్టీ-గ్రిడ్’ అను యంత్రమును కల్పించిరి. స్వీడనులోని లుండ్ నగరమున 2014లో నిర్మాణము మొదలిడిన న్యూట్రాను కేంద్రము కొరకు దానిని పెంచిరి.

నాకు మిక్కిలి నచ్చిన సంగతి వేరొకటి. ఆ యంత్రమును అమెరికాలోని ఓక్ రిడ్జికి గొనిపోయి, పాత హీలియం గొట్టముల ప్రక్కనే నిలిపి, ఒకే ధారను రెండింటిచేతను లెక్కింపజేసిరి. క్రొత్త కాటా వచ్చినప్పుడు మన మదే బస్తాను పాత కాటా మీదను తూచి చూతుము గదా! ఫలితము పాతదానికి దీటుగనే వచ్చినది. చిక్కులు లేకపోలేదు. రేకులలోని అల్యూమినియం కొన్ని న్యూట్రానులను దారి తప్పించును. తీగెలును ఎలక్ట్రానిక్ పరికరములును అధికము. లిథియం-6 కలిపిన గాజు న్యూట్రాను తగిలినప్పుడు మెరయును. దానిని వాడు పద్ధతియు కలదు గాని, గామాకు కూడ అది మెరయుటచే రెంటిని విడదీయుట కొంత కష్టము.

నేను చదివి గ్రహించినది ఇంతవరకే. భౌతికశాస్త్రము చదువుచున్న మన యువకులు ముందు వరుసలోనే కూర్చుండియున్నారు. నా మాటలలో పొరపాట్లున్నచో వారు ఇప్పుడే లేచి సవరింపవలెనని కోరుచున్నాను.